తల్లిదండ్రుల ఇష్టము: సోవియటు రాజ్యములో బడుల కథ

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, ఆటల బహుమానములను గూర్చియు, వెనుక గోడ కట్టుటకు కావలసిన సొమ్మును గూర్చియు మాటలాడుట మా వాడుక. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో వచ్చియే యున్నవి. ఈ ఏడు మేము రష్యా దేశమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. వార్షికోత్సవమునకును రష్యాకును సంబంధమేమని మీరు అనుకొనవచ్చును. వెనుక వరుసలలో కొందరి ముఖములందు ఆ ప్రశ్న ఇప్పుడే కనబడుచున్నది. కొంచెము ఓపిక పట్టుడు.

గత వేసవిలో మన గ్రంథాలయపు బీరువాకు చెదలు పట్టగా పుస్తకములన్నియు తీసి ఎండలో పెట్టితిమి. వానిలో చింగీజ్ ఐత్‌మాతొవ్ అను రచయిత వ్రాసిన ‘తొలి ఉపాధ్యాయుడు’ అను చిన్న పుస్తకము చేతికి వచ్చినది. అది మాస్కోలో తెలుగు అక్షరములతో అచ్చయి మన ఊరు చేరిన పుస్తకము. మా ఈడువారికి ఆ పుస్తకములు బాగుగా జ్ఞాపకముండును. మంచి కాగితము, రంగుల బొమ్మలు, వెల మాత్రము మిక్కిలి తక్కువ. ‘సోవియట్ భూమి’ పత్రిక కాగితములతో మేము నోటు పుస్తకములకు అట్టలు వేసికొనెడివారము. ఆ అనువాదములు చేయుటకై మాస్కో వెళ్లి యేండ్ల తరబడి కాపురమున్న తెలుగువారిలో ఉప్పల లక్ష్మణరావుగారు ఒకరు. ఆయన పుట్టినది మన బరంపురములోనే. ఈ సంగతి మన పిల్లలలో ఎవ్వరికిని తెలియదు. ఆ లోపము మాది.

కథ చిన్నది. 1924వ సంవత్సరమున కిర్గీజ్ కొండలలోని ఒక పల్లెకు ద్యూషేన్ అను యువకుడు వచ్చును. తానే అంతంతమాత్రము చదువుకొన్నవాడు. ఒక ధనికుని పాత గుఱ్ఱపుసాలను ఊడ్చి, అలికి, దానినే బడి చేయును. చలికాలమున ఏరు దాటలేని పిల్లలను తానే ఎత్తుకొని మంచువంటి నీటిలో దిగి ఆవలి ఒడ్డునకు చేర్చును. అల్తినాయ్ అను అనాథ బాలికను పినతల్లి ఒక ముసలివానికి అమ్మివేయగా, ఆ పిల్లను విడిపించి పట్టణమునకు చదువుకు పంపును. ఆమె గొప్ప విద్వాంసురాలగును. చాలకాలమునకు ఆ ఊరిలో క్రొత్త బడి తెరచునాడు ఆమెను ముఖ్యాతిథిగా పిలుతురు. ఆ సమయమున తొలి ఉపాధ్యాయుడు తపాలా బంట్రోతై, గుఱ్ఱము మీద తంతివార్తలు పంచుచుండును. లోపలికి రమ్మన్నను రాడు. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పది యేండ్లు గడపిన మాకు ఆ ఘట్టము చదివినపుడెల్ల కన్ను చెమర్చును.

ఈ కథను తొమ్మిదవ తరగతిలో చదివి వినిపించితిమి. ఒక బాలిక లేచి, “మాస్టారూ, ఆ పిల్లలు ఏ అక్షరాలు దిద్దారండీ? రష్యావాళ్లవా, వాళ్లవేనా?” అని అడిగినది. మాకు తెలియలేదు. తెలియదని చెప్పి, వెదకి చెప్పెదమంటిమి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకుటలో ఆ దేశపు రాజకీయ చరిత్రనంతయు తిరుగవేయవలసి వచ్చినది. మా చిన్ననాడు ఆ రాజ్యమును స్వర్గమని పొగడు పెద్దలను చూచితిమి, నరకమని తిట్టు పెద్దలనును చూచితిమి. రెండు పక్షములవారును అక్కడి బడుల సంగతి మాకు చెప్పినవారు కారు.

చక్రవర్తుల కాలమున, 1897లో జనాభా లెక్కలు తీయగా, ఆ సామ్రాజ్యములో రష్యను మాతృభాషగా గలవారు నూటికి 44 గురు మాత్రమే యని తేలినది. పాలించు భాష సగముమందిది కూడ కాదన్నమాట. అయినను ఇతర భాషల యెడ ఆ ప్రభుత్వమునకు అనుమానము మెండు. 1863లోను 1876లోను వెలువడిన ఉత్తరువులు ఉక్రేను భాషలో పుస్తకములు అచ్చువేయుటను దాదాపు మాన్పించినవి. ఇంత కట్టుదిట్టములోను మంచి పనులు చేసిన ఉద్యోగులు లేకపోలేదు. సింబిర్స్క్ మండలములో ఇల్యా ఉల్యానొవ్ అను బడుల తనిఖీ అధికారి యుండెను. మన బడికి వచ్చి హాజరుపట్టీ చూచి పోవు అధికారుల వంటివాడే. ఆయన చువాషులను చిన్న జాతివారి బడులకు చేయూత నిచ్చెను. ఇవాన్ యాకొవ్లెవ్ అను పంతులు ఆ చువాషు భాషకు అక్షరమాల కూర్చి, ఉపాధ్యాయ శిక్షణాలయము నడుపుచుండగా అండగా నిలిచెను. ఆ తనిఖీ అధికారి కుమారుడే లెనిన్. 1918 ఏప్రిలులో, దేశమంతయు అంతర్యుద్ధమున పడుచున్న వేళ, లెనిన్ ఆ వృద్ధ పంతులుగారి క్షేమము విచారించుచు, ఆయన పనికి భంగము కలుగరాదని తంతి పంపెను. ఎంత చెడ్డ కాలమున జరిగినను మంచి పని మంచిదేనని మేము ఒప్పుకొనెదము.

నిర్బంధ రాజభాష కూడదని లెనిన్ 1914లోనే వ్రాసియుండెను. 1917 నవంబరులో, అధికారము చేజిక్కిన కొలది దినములకే, రష్యాలోని జాతులన్నింటికి సమాన హక్కులు గలవని ప్రకటన వెలువడెను. దానిపై లెనిన్ సంతకమును, జాతుల వ్యవహారముల మంత్రియగు స్టాలిన్ సంతకమును గలవు. 1918 అక్టోబరులో అల్పసంఖ్యాకుల బడులను గూర్చి ఉత్తరువు వచ్చినది. ఒక్కొక్క వయస్సున 25 మందికి తక్కువ కాకుండ ఒక భాష పిల్లలున్నచో వారి భాషలో బడి తెరవవలెనని దాని సారాంశము. ఈ 25 అను అంకె చదివినపుడు మాకు నవ్వు వచ్చినది. మన దేశమున 1949 ఆగస్టులో విద్యామంత్రులు సమావేశమై, బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాషవారున్నచో ఆ భాష ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించిరి. మనము నేటికిని ఆ పదిని లెక్కపెట్టుకొనుచునే కదా జూను నెల గడపుచున్నాము. బడి తల్లివంటిదందురు గాని, దాని ప్రాణము అక్కడను ఇక్కడను ఒక అంకెలో నున్నది.

1923లో కమ్యూనిస్టు పార్టీ పండ్రెండవ మహాసభ, ఆయా జాతుల ప్రాంతములలో ఆయా భాషలలోనే పాలన సాగవలెననియు, ఆ జాతులవారినే ఉద్యోగములలో నియమింపవలెననియు నిశ్చయించెను. తరువాతి పది సంవత్సరములలో జరిగిన పనిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. లిపియే లేని భాషలకు లిపులు ఏర్పడెను. వాచకములు, వ్యాకరణములు, పత్రికలు పుట్టెను. తొమ్మిదేండ్లు దాటినవారిలో చదువను వ్రాయను వచ్చినవారు 1926లో సగము కంటె కొంచెము ఎక్కువ. 1939 నాటికి నూటికి 80 మందికి మించిరి. ఆడపిల్లలు బడి ముఖము చూడని సీమలలో ఆడపిల్లలు పంతులమ్మలైరి. ఈ వార్తలు మన దేశమునకును చేరినవి. 1946లో పుచ్చలపల్లి సుందరయ్యగారు ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ వ్రాసిన నాటికి, జాతులకు భాషను బట్టి రాష్ట్రములు కావలెనను వాదమునకు ఆ దేశమును ఉదాహరణగా చూపుట కమ్యూనిస్టులకు పరిపాటి. మనకు మాత్రము, 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడిననాడే గీత ఈవలి వైపున నిలిచిపోవుట జరిగినది. అది వేరు కథ.

ఇక మా విద్యార్థిని ప్రశ్న. 1924లో, ద్యూషేన్ బడి పెట్టిన యేడే, కిర్గీజ్ భాషలో తొలి వార్తాపత్రిక వెలువడెను. ఆనాటి అక్షరములు అరబ్బీ అక్షరములు. కావున కథలోని పిల్లలు దిద్దినవి అవియే కావలెను. నాలుగైదు సంవత్సరములలో వానిని తీసివేసి లాటిన్ అక్షరములు పెట్టిరి. 1940 దాటుసరికి లాటిన్ అక్షరములను కూడ తీసివేసి రష్యను అక్షరములు పెట్టిరి. అల్తినాయ్ వంటి పిల్ల ముప్పది యేండ్లు దాటుసరికే తన భాషను మూడు లిపులలో చదువ నేర్వవలసి వచ్చెనన్నమాట. తండ్రి వ్రాసిన ఉత్తరమును కొడుకు చదువలేని ఇండ్లు ఎన్నియో. మొదటి మార్పునకు చెప్పిన కారణము అభివృద్ధి. రెండవ మార్పునకు చెప్పిన కారణమును అదియే. రెండుసార్లును ఆ భాష మాటలాడువారి ఇష్టము అడిగినవారు లేరు. ఆ మార్పుల వెనుక నున్నది మాస్కో అవసరము. 1920 ప్రాంతములలో ఆ జాతులను తురుష్క, పారసీక మతపండితుల ప్రభావము నుండి దూరము చేయుట దాని అవసరము. 1930 తరువాత వారిని రష్యనుకు దగ్గర చేయుట దాని అవసరము.

ఆ అక్షరములను కూర్చినవారి గతి యేమైనదో చెప్పవలసియున్నది. పిల్లలను ఇంటికి పంపి చెప్పవలసిన సంగతి గాని, తొమ్మిదవ తరగతివారు ఇదివరకే మాచేత చెప్పించుకొన్నారు.

కాసిమ్ తినిస్తానొవ్ అను పండితుడు కిర్గీజ్ భాషకు తొలి వాచకములు, వ్యాకరణము వ్రాసినవారిలో ముఖ్యుడు. కవి. కొంతకాలము ఆ ప్రాంతమునకు విద్యామంత్రిగా కూడ పనిచేసెను. పిల్లల పుస్తకము వ్రాసిన చేతితో బడుల లెక్కలును వ్రాసినవాడు. 1930 తరువాత తన భాషను ప్రేమించుట ‘జాతీయవాద’మను నేరమైనది. 1938 నవంబరులో ఆయనను కాల్చి చంపిరి. ఆయన వయస్సు 37 సంవత్సరములు. అదే మాసమున, అదే తావున కాల్చబడినవారిలో తోరెకుల్ ఐత్‌మాతొవ్ ఒకడు. మీ యెదుట మేము పట్టుకొన్న ఈ పుస్తకము వ్రాసిన చింగీజ్ ఐత్‌మాతొవ్ తండ్రి ఆయనయే. ఆయన పార్టీకి శత్రువు కాడు, పార్టీలో పెద్ద పదవులు వహించినవాడు. తనను పట్టుకొందురని తెలిసి, 1937లో మాస్కో నుండి భార్యాబిడ్డలను రైలెక్కించి స్వగ్రామమునకు పంపివేసెను. అప్పటికి చింగీజునకు తొమ్మిదేండ్లు నిండలేదు. తండ్రిని మరల చూడలేదు.

నూట ముప్పదికి పైగా శవములను రాజధాని దాపున చోంగ్-తాష్ అను చోట ఇటుకల బట్టీ గోతిలో పడవేసి కప్పిపెట్టిరి. ఆ తావున కావలి కాయుచుండిన మనిషి ఈ సంగతి ఎరుగును. మరణకాలమున కుమార్తెకు చెప్పెను. ఆమె యేండ్ల తరబడి నోరు విప్పలేదు. 1991లో, ఇక భయము లేదని తోచిన మీదట చెప్పెను. త్రవ్వి చూడగా ఒక మృతుని దుస్తులలో నేరారోపణ కాగితము చిక్కినది. దానిమీద తోరెకుల్ ఐత్‌మాతొవ్ పేరు గలదు. ఏబది మూడేండ్లు భూమిలో నున్న కాగితము వలన కుమారునకు తండ్రి జాడ తెలిసినది. తండ్రుల సమాధి యని అర్థము వచ్చునట్లు ఆ తావునకు ‘అతా-బెయిత్’ అని పేరు పెట్టిరి. 2008లో చింగీజ్ ఐత్‌మాతొవ్ మరణించినపుడు ఆయనను అక్కడనే పూడ్చిరి.

‘తొలి ఉపాధ్యాయుడు’ 1962లో వెలువడినది. బడి కట్టించిన రాజ్యమును మెచ్చుచు ఆ కథ వ్రాసినవాని తండ్రిని ఆ రాజ్యమే చంపినది. రచయితకు ఆ సంగతి తెలియును. సమాధి ఎక్కడిదో మాత్రము తెలియదు. ఈ రెండు సత్యములను ఒక్క మనస్సులో మోయుట ఎట్లో మేము ఊహింపలేకున్నాము. ఆ దేశమును పొగడిన మన పెద్దలు బడిని చూచిరి, తిట్టినవారు గోతిని చూచిరి. ఆ బడిని కట్టించినదియు ఆ గోతిని త్రవ్వించినదియు ఒక్క ప్రభుత్వమే.

1938 మార్చి 13వ తేదీ ఉత్తరువు రష్యనును అన్ని జాతుల బడులలోను నిర్బంధ పాఠ్యాంశము చేసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓల్గా తీరపు జర్మనులను, చెచెనులను, క్రిమియా తాతారులను జాతికి జాతిగా రైళ్లకెక్కించి దూరదేశములకు తోలివేసిరి. వారి బడులు ఒక్క రాత్రిలో మూతపడినవి. ఇవి బలప్రయోగముతో జరిగిన పనులు. చదివినవారికి వెంటనే కోపము వచ్చును. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇట్లు కోపము తెప్పింపని ఒక చట్టమును గూర్చి.

స్టాలిన్ 1953లో పోయెను. తరువాత వచ్చిన కృశ్చేవ్ కారాగారములు చాలవరకు తెరపించెను. 1958 నవంబరులో విద్యా సంస్కరణలను గూర్చి కొన్ని ప్రతిపాదనలు ప్రకటించిరి. వానిలో పందొమ్మిదవది బోధనా భాషకు సంబంధించినది. అంతవరకు పిల్లవానికి మాతృభాషలో చెప్పవలెననుట నియమము. ఆయా రాష్ట్రములలోని రష్యను బడులలో స్థానిక భాష నేర్చుటయు విధి. పిల్లలకు ఇది భారమగుచున్నది కావున, ఇకమీదట ఏ భాష బడికి పంపవలెనో, రెండవ భాష నేర్పవలెనో వద్దో తల్లిదండ్రులే ఇష్టానుసారము నిర్ణయించుకొనవచ్చునని ఆ ప్రతిపాదన చెప్పినది. వినుటకు ఎంత మంచి మాట! తల్లిదండ్రుల ఇష్టమును కాదనువా డెవ్వడు? కాని లాత్వియా, అజర్బైజాను రాష్ట్రములు దీనిని అంగీకరింపక తమ చట్టములలో చేర్చుకొనకుండ చూచినవి. 1959లో ఆ రెండుచోట్ల నాయకులను పదవుల నుండి తొలగించిరి. ఇష్టమునకు విడిచిన విషయములో ఇష్టపడనివారికి ఉద్యోగములు పోయినవి.

తల్లిదండ్రులు ఏమి చేసిరి? మనము చేయునదే చేసిరి. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష రష్యనులో, సైన్యములో ఆజ్ఞలు రష్యనులో, పెద్ద కార్ఖానాలో కాగితములు రష్యనులో. ఇంటి భాష ఇంటిలో ఎట్లును వచ్చును గదా, బడిలో రష్యను నేర్చుకొననిమ్మనిరి. దానిలో తప్పు పట్టుటకేమున్నది? అట్లు ఒక్కొక్క ఇల్లు తన మేలు తాను చూచుకొనగా, బెలోరష్యా రాజధాని మిన్‌స్క్ నగరమున 1970 తరువాత బెలోరష్యను మాధ్యమపు బడి యనునది లేకపోయినది. కిర్గీజ్ రాజధాని ఫ్రూంజెలో, ఇప్పుడు బిష్కెక్ అని పేరు, 1980 తరువాత కూడ కిర్గీజ్ మాధ్యమపు బడి ఒక్కటియే మిగిలెను. ఐత్‌మాతొవ్ స్వయముగా 1966 నుండి పెద్ద నవలలు రష్యనులోనే వ్రాయసాగెను. తుపాకి పట్టినవాడు లేడు, బడి మూయుమన్నవాడు లేడు. పిల్లలు లేక మూతపడెను.

అన్నిచోట్లను ఇట్లే జరుగలేదు. జార్జియా వారికిని ఆర్మీనియా వారికిని తమ తమ పాత లిపులు నిలిచియుండెను. పై చదువులును తమ భాషలలో ఉండెను. వారి పిల్లలు రష్యను నేర్వకపోలేదు. నేర్చిరి, మాస్కోలో పెద్ద ఉద్యోగములును చేసిరి. 1978 ఏప్రిలు 14వ తేదీన, జార్జియా రాజ్యాంగములో జార్జియను రాజభాష యను వాక్యమును తీసివేయబోగా తిబిలీసి వీథులలోనికి వేలకొలది జనము, ముఖ్యముగా విద్యార్థులు, వచ్చిరి. ఆ వాక్యమును మరల చేర్చిరి. సోవియటు కాలమున జనము వీథికి వచ్చి మాట నెగ్గించుకొన్న సందర్భములు అరుదు. ఈ తేడాకు కారణము మేము ఆలోచించితిమి. అక్కడ బడి చివర కళాశాల యుండెను, కళాశాల చివర ఉద్యోగముండెను. కిర్గీజు తండ్రికి బడి చివర గోడ కనబడినది. ప్రేమ జార్జియా తల్లికి ఎక్కువ, కిర్గీజు తల్లికి తక్కువ అని చెప్పుటకు మాకు నోరు రాదు.

1989లో ఒక్కొక్క రాష్ట్రమే తన భాషను రాజభాషగా ప్రకటించుకొనసాగెను. 1991 డిసెంబరులో సోవియటు యూనియను లేకుండ పోయెను. పదునైదు దేశములు ఏర్పడెను. భాష ఒక్కటే దానికి కారణమని మేము చెప్పము. ఆర్థిక స్థితి, యుద్ధము, అధికారుల అవినీతి మొదలగునవి ఎన్నో కలవు. కాని పగుళ్లు వచ్చినది మాత్రము 1920 ప్రాంతములలో భాషను బట్టి గీసిన గీతల వెంబడియే. ఈ వారసత్వమును గూర్చి నేటి రష్యా పాలకులకు కోపము తీరలేదు. 2022 ఫిబ్రవరి 21వ తేదీన అధ్యక్షుడు పూతిన్ మాటలాడుచు, ఉక్రేను దేశమును సృష్టించినది లెనిన్ అనియు బోల్షెవిక్కులనియు నిందించెను. మూడు దినములకు ఆ దేశముపై సేనలు నడచినవి. నూరేండ్ల నాటి భాషా విధానమును గూర్చిన వాదము ఫిరంగులతో సాగుట మన కండ్ల యెదుటనే చూచితిమి.

రష్యా లోపల మిగిలిన చిన్న జాతుల సంగతి మన వార్తాపత్రికలలో రాదు. 2018 ఆగస్టులో అక్కడ ఒక చట్టము వచ్చినది. రష్యను గాక తక్కిన భాషలను బడిలో నేర్చుకొనుట, తల్లిదండ్రులు అర్జీ వ్రాసియిచ్చినచో మాత్రమే. మరల అదే మాట, తల్లిదండ్రుల ఇష్టము. కమ్యూనిస్టు రాజ్యము పోయినను 1958 నాటి ఆ ఉపాయము పోలేదు. ఉద్మూర్తులను జాతివారు 1989లో దాదాపు 7 లక్షల 15 వేలు. 2010లో 5 లక్షల 52 వేలు. 2021 లెక్కలలో 3 లక్షల 86 వేలు. చివరి లెక్కలో జాతి చెప్పనివారు చాలమంది యుండిరి గాని, తరుగుదల మాత్రము నిజము. వారి కవియు ఉపాధ్యాయుడునగు కుజెబాయ్ గెర్ద్‌ను 1937లో సందర్మోఖ్ అను అడవిలో కాల్చి చంపిరి. ఆ గోతులను 1997లో కనుగొన్నవారు ‘మెమోరియల్’ సంస్థవారు. ఆ సంస్థను 2021 డిసెంబరులో అక్కడి సర్వోన్నత న్యాయస్థానము రద్దుచేసినది. 2019 సెప్టెంబరు 10వ తేదీన ఆల్బర్ట్ రాజిన్ అను 79 సంవత్సరముల ఉద్మూర్తు పండితుడు, తన భాష పోవుచున్నదను దుఃఖముతో, ఇజెవ్‌స్క్‌లో శాసనసభ యెదుట తన దేహమునకు నిప్పంటించుకొని మరణించెను. ఆయన అట్లు చేయకుండవలసినది. ఒక ముసలి పంతులు బ్రదికియుండి నలుగురు పిల్లలకు చెప్పుటయే మేలు. కాని ఆయన మాట వినుటకు ముందుగా ఎవ్వరును ఎందుకు రాలేదను ప్రశ్న మమ్ము విడువదు.

ఇప్పుడు మన బడికి వత్తము.

గత జూనులో మన పూర్వ విద్యార్థి యొకడు కుమారుని టీ.సీ. కొఱకు వచ్చెను. బజారులో చిన్న దుకాణము. మా చేతి క్రింద అక్షరాలు దిద్దినవాడు. ఎందుకని అడిగితిమి. నేల చూచుచు, “ఏంటి సెయ్యమంటారు మాస్టారూ, రేపు ఆడికి ఉజ్జోగం కావాలి గదండీ,” అనెను. కొంచెము ఆగి, తల ఎత్తకయే, “మీ సిన్నబ్బాయి ఏ బడిలో సదివాడండీ?” అనెను.

మా చిన్నవాడు ఆంగ్ల మాధ్యమపు బడిలో చదివెను. ఆనాడు మేము ఈ బడిలో సహాయోపాధ్యాయులము. ఈ సంగతి ఈ సభలో చాలమందికి తెలియును. తెలిసియు మర్యాదకు ఎవ్వరును అడుగలేదు. ఆ తండ్రి అడిగెను. మేము టీ.సీ. మీద సంతకము చేసి ఇచ్చితిమి. మా వాడు నేడు మంచి ఉద్యోగములో నున్నాడు. మాకు తెలుగులో ఉత్తరము వ్రాయలేడు, మేము వ్రాసినది చదువలేడు. ఫోనులో మాటలాడుకొందుము. లిపి మార్పు లేకయే మా ఇంట ఆ కిర్గీజ్ కథ జరిగినది.

కావున మిమ్ము నిందించుటకు మేము రాలేదు. మాకు ఆ అధికారము లేదు. మన దేశము ఆ దేశము వంటిది కాదు. మన పండితులను ఎవ్వరును గోతిలో వేయలేదు. మన రాజ్యాంగమున 30వ అధికరణము బడి పెట్టుకొను హక్కు ఇచ్చినది. 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పినది. కర్ణాటక రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యములో 2014 మే నెలలో సుప్రీముకోర్టు, పిల్లలకు ఏ భాషలో చెప్పించవలెనో తల్లిదండ్రులే తేల్చుకొందురు గాని ప్రభుత్వము నిర్బంధింపరాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియైనదేయని మా అభిప్రాయము. నిర్బంధము ఎట్లుండునో ఇంతసేపు చెప్పితిమి గదా.

అయితే ఇష్టము పేర తూకము వేయునపుడు, త్రాసు ఎవరు పట్టుకొనిరో చూడవలెను. బడి చివర గోడ కనబడినపుడు తండ్రి పిల్లవానిని వేరు దారి పట్టించును. ఆ గోడలో తలుపు తెరచు భారము మాపై, సంఘముపై, ప్రభుత్వముపై నున్నది. ఆంగ్లమును, ఒడియాను గట్టిగా చెప్పు ఉపాధ్యాయులు ఈ బడిలో లేనంతకాలము మేము తెలుగు గొప్పదనమును గూర్చి ఎన్ని ఉపన్యాసములిచ్చినను ఆ దుకాణపు తండ్రికి జవాబు కాదు. ఒడియా పండితుని ఖాళీ మూడేండ్లుగా నిండలేదు. ఆంగ్లమునకు ఈ సంవత్సరము సంఘము సొమ్ముతో ఒక ఉపాధ్యాయురాలిని పెట్టుకొంటిమి. అర్జీలు పంపుచునే యున్నాము. మీలో పదిమంది సంతకములు తోడైనచో అర్జీకి బరువు వచ్చును. కాగితము బయట బల్లమీద నున్నది, భోజనమునకు ముందే చూడుడు.

ఒకటవ తరగతిలో గత జూనున చేరిన పిల్లలు రెండు బల్లలకు సరిపడిరి. పది అను అంకెకు మనము ఎంత దాపున నున్నామో మీరే లెక్కపెట్టుకొనవచ్చును.

‘తొలి ఉపాధ్యాయుడు’ పుస్తకమునకు క్రొత్తగా అట్ట వేయించితిమి. శనివారములు మూడు గంటలకు తొమ్మిదవ తరగతి గదిలో కొన్ని కొన్ని పుటలు చదువుచున్నాము. ఆ ప్రశ్న అడిగిన బాలికయే చదువుచున్నది, మేము ప్రక్కన కూర్చుందుము. తల్లిదండ్రులలో వినవలెనని యున్నవారు రావచ్చును. కూర్చుండుటకు బల్లలు కావలసినన్ని ఖాళీగా నున్నవి.